కొత్త స్పోర్ట్సు కారుకు ‘ఆన్’: బిగిసిందెందుకు, జారిందెందుకు

2022 వేసవిలో అమెరికా షోరూములలోకి దిగిన నిస్సాన్ జెడ్ స్పోర్ట్సు కారుకు తొలి నెలల్లో గిరాకీ ముమ్మరంగా ఉండి, కంపెనీ ప్రకటించిన ధరకు పైన వేలాది డాలర్లు పలికింది. కొందరు డీలర్లు పదివేలు, మరికొందరు ఇరవై వేలు, అంతకు మించి కూడా అదనంగా అడిగారు. 2024 వచ్చేసరికి అదే కారు పలు షోరూముల్లో ప్రకటిత ధరకు దిగువన అమ్మకానికి నిలబడింది. ఈ మధ్యకాలంలో బండిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కంపెనీ తన ధర తగ్గించనూ లేదు. మారినవి ముఖ్యంగా సరకు రాకలు, వడ్డీ రేటు. మిరప అయినా, పసుపు అయినా నిలువ పెట్టి తేజీ కోసం ఎదురుచూసిన వర్తకులకు ఈ వరస కొత్త కాదు. దూరదేశపు ఖరీదైన బండి వ్యవహారమే అయినా దీని లెక్కలు మనవారు ఒకసారి చూడదగినవి.

జెడ్ అన్నది నిస్సాన్‌కు పాత పేరే. డాట్సన్ 240జెడ్ అనే మొదటి బండి 1970లో అమెరికా బజారులోకి 3,526 డాలర్లకు వచ్చింది. అప్పుడు కూడా సరకు చాలక కొనుగోలుదార్లు నెలల తరబడి వరుసలో ఉండవలసి వచ్చింది. డీలర్లు అలంకార చక్రాల వంటి అదనపు సామగ్రి తగిలించి, ఆ పేరున ధర పెంచుకున్నారు. అదే వంశంలో 2009 మోడల్‌గా వచ్చిన 370జెడ్ పదేళ్ళకు పైగా పెద్ద మార్పులేవీ లేకుండా సాగి పాతబడిపోయింది. 2021 ఆగస్టు 17న న్యూయార్క్‌లో చూపిన కొత్త జెడ్‌ను పూర్తిగా కొత్త బండి అనడానికి వీలులేదు. పాత చట్రాన్ని చాలావరకు ఉంచుకొని పైరూపు మార్చారు, 332 అశ్వశక్తి ఇంజను తీసివేసి రెండు టర్బోలున్న 3 లీటర్ల, 400 అశ్వశక్తి ఇంజను అమర్చారు.

ధరలు ఇలా ప్రకటించారు. స్పోర్ట్ రకం 39,990 డాలర్లు, పెర్ఫార్మెన్స్ రకం 49,990 డాలర్లు, 240 బండ్లకే పరిమితమైన ప్రోటో స్పెక్ 52,990 డాలర్లు. రవాణా ఖర్చు 1,025 డాలర్లు వీటిపై అదనం. పోటీదారైన టయోటా సుప్రాలో ఆరు సిలిండర్ల రకం 50 వేలకు పైన ఉన్న రోజుల్లో, 400 అశ్వశక్తి బండిని 40 వేలకు ఇస్తామంటే అది చవక బేరమే. కంపెనీ ధర బజారు ధరకు తక్కువగా ఉన్నదని వర్తకుడికి తోచినప్పుడు ఆ మధ్య ఖాళీ ఎంతోకాలం ఖాళీగా ఉండదు.

పైగా సరకు రాలేదు. బండ్లు జపాన్‌లోని తొచిగి కర్మాగారంలో తయారై ఓడమీద రావాలి. 2022 వసంతంలో వస్తాయన్నవి వేసవికి జరిగాయి. ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత ప్రపంచమంతటా కార్ల కర్మాగారాలను పీడిస్తున్న కాలమది. ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకు అమెరికా మొత్తం మీద అమ్మిన కొత్త జెడ్ బండ్లు 263 మాత్రమే. ఆ దేశంలో నిస్సాన్ డీలర్లు వెయ్యికి పైగా ఉన్నారు. అంటే నలుగురు డీలర్లలో ముగ్గురికి ఆ ఏడాది ఒక్క బండి అమ్మే అవకాశమైనా దక్కలేదన్నమాట.

బజారు మొత్తంగా కూడా అప్పుడు అసాధారణ స్థితిలో ఉన్నది. ఎడ్మండ్స్ సంస్థ లెక్కల ప్రకారం 2022 జనవరిలో అమెరికాలో కొత్త కారు కొన్నవారిలో 82 శాతం మంది ప్రకటిత ధరకు మించి చెల్లించారు. 2021 జనవరిలో ఇలా చెల్లించినవారు 2.8 శాతం, 2020 జనవరిలో 0.3 శాతం మాత్రమే. సగటున ప్రకటిత ధరకు పైన పలికింది 728 డాలర్లు. మామూలు కార్లకే ఇంత బిగువున్నప్పుడు, పన్నెండేళ్ళకు ఒకసారి మారిన స్పోర్ట్సు కారుకు ఎంత పలికి ఉంటుందో ఊహించుకోవచ్చు.

చీటీ మీద ధర, చీటీ పక్కన చీటీ

మన పాఠకులకు ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. మన దేశంలో ప్యాకెట్ సరకు మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరకు మించి ఒక్క రూపాయి తీసుకున్నా తూనికలు కొలతల శాఖ వారు కేసు పెట్టవచ్చు. అమెరికాలో కారు మీద ఉండే ధర అలాంటిది కాదు. అది కంపెనీ ‘సూచించే’ ధర మాత్రమే. 1958లో ఓక్లహోమా రాష్ట్రపు సెనేటరు మైక్ మన్రోనీ తెచ్చిన చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు అద్దానికి ధర, అమరికలు, రవాణా ఖర్చు చూపే చీటీ అంటించి తీరాలి. కొన్నవాడు తప్ప మరొకరు దానిని తీయరాదు. ఈనాటికీ ఆ చీటీని మన్రోనీ స్టిక్కర్ అనే పిలుస్తారు. కాని ఆ చట్టం ధర చూపమన్నదే గాని ఆ ధరకే అమ్మమనలేదు. దాంతో డీలర్లు అసలు చీటీని అలాగే ఉంచి, దాని పక్కన తమ సొంత చీటీ ఒకటి అంటిస్తారు. అందులో ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’ అని ఒక పంక్తి, దాని ఎదుట అంకె ఉంటాయి. మన బజారు భాషలో దాని పేరు ‘ఆన్’. తేడా అల్లా మన దగ్గర అది నోటిమాట మీద, రసీదు లేకుండా నడిచేది. అక్కడ అచ్చువేసి అద్దానికి అంటిస్తారు, దానిమీద అమ్మకపు పన్ను కూడా వసూలవుతుంది.

కొందరు ఆ పంక్తి రాయడానికి మొహమాటపడి వేరే దారి పడతారు. రంగుకు రక్షణ పూత అని, టైర్లలో నత్రజని అని, అద్దం మీద నంబరు చెక్కామని ఒక్కొక్కదానికి కొన్ని వందల డాలర్లు కలుపుతారు. 1970 నాటి అలంకార చక్రాలకు ఇవి మనుమలు.

కంపెనీ ఎందుకు ఆపలేదని అడగవచ్చు. కంపెనీ బండిని డీలరుకు అమ్మివేస్తుంది. అక్కడితో ఆ బండి డీలరు సొత్తు, ధర అతని ఇష్టం. పైగా అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల ఫ్రాంచైజీ చట్టాలు డీలర్ల పక్షాన ఉన్నాయి. డీలర్లున్న కంపెనీ తానే నేరుగా షోరూము పెట్టి అమ్మడానికి చాలా రాష్ట్రాల్లో వీలులేదు. కంపెనీ చేతిలో ఉన్న కొరడా ఒక్కటే, అది కేటాయింపు. తమకు వచ్చిన బండ్లు త్వరగా అమ్మినవారికి మరిన్ని బండ్లు కేటాయించే పద్ధతి చాలా కంపెనీలలో ఉన్నది. 2022 జనవరిలో జనరల్ మోటార్స్ తన డీలర్లకు రాసిన లేఖలో ప్రకటిత ధరకు మించి గుంజేవారి కేటాయింపులు వేరే చోటికి మళ్ళిస్తామని హెచ్చరించింది. ఆ మరుసటి నెలలో ఫోర్డు అధిపతి జిమ్ ఫార్లే తమ డీలర్లలో పదిశాతం మంది దాకా ఇలా అదనంగా వసూలు చేస్తున్నారని, వారెవరో తమకు తెలుసునని బహిరంగంగానే చెప్పారు.

ఇరవై వేలు ఎవరి ఖర్చు?

పెర్ఫార్మెన్స్ రకం రవాణాతో కలిపి 51,015 డాలర్లు. దానిమీద 20 వేలు ఆన్ ఇచ్చినవాడు 71,015 చెల్లించాడు. ఆ 20 వేలను ఏడు శాతం వడ్డీకి 72 నెలల వాయిదాలపై అప్పు తెచ్చి ఉంటే, దానికే నెలకు 341 డాలర్ల చొప్పున మొత్తం 24,550 డాలర్లు అవుతుంది. ఆరు శాతం అమ్మకపు పన్ను ఉన్న రాష్ట్రమైతే ఆ 20 వేలకు పన్నుగా మరో 1,200. బండి ప్రమాదంలో పూర్తిగా పాడైతే బీమా కంపెనీ ఆనాటి బజారు విలువ చూస్తుంది గాని, కొన్ననాడు ఇచ్చిన ఆన్ చూడదు. పాత బండిగా మార్పిడికి తీసుకెళ్ళినప్పుడు డీలరు చేసే లెక్కా అదే. తీసుకున్నప్పుడు ఇరవై వేలు విలువ కట్టిన డీలరే తిరిగి కొనేటప్పుడు దానిని సున్నాగా చూస్తాడు.

అయినా కొన్నారు. కొన్నవారంతా అమాయకులేమీ కారు. మొదటి నెలలో బండి నడపాలనే మోజుకు ధర కట్టుకున్నవారు కొందరు. ఇంకా పెరుగుతుంది, ఆర్నెల్లు ఆగి తిరిగి అమ్మవచ్చుననే సట్టా బుద్ధితో కొన్నవారు మరికొందరు. ఈ రెండోవారు ఒక చిన్న ప్రశ్న వేసుకుంటే బాగుండేది. సరకు తక్కువగా ఉన్నదా, ఆలస్యంగా ఉన్నదా అన్నది ఆ ప్రశ్న. నిస్సాన్ జెడ్‌కు సంఖ్యాపరిమితి ఏదీ లేదు, ప్రోటో స్పెక్ 240 బండ్లకు తప్ప. తొచిగి కర్మాగారం సర్దుకోగానే ఓడలు వస్తాయన్నది మొదటినుంచీ కనబడుతున్న విషయమే. కోతలు ఆలస్యమైనప్పుడు యార్డులో పలికే ధర చూసి, పంటే పోయిందనుకొని కొన్నవారికి ఏం జరుగుతుందో గుంటూరులో చెప్పనక్కరలేదు.

రాకలు పెరిగాయి. 2023లో అమెరికాలో అమ్మిన జెడ్ బండ్లు 1,771. 2024లో 3,164. ఈ అంకెలు చూసి గిరాకీ పెరిగిందనుకోవడం పొరపాటు. తొలి ఏడాది ఉన్న గిరాకీకి సరకు లేక అమ్మకం తక్కువగా ఉన్నది. తర్వాత సరకు ఉన్నది, ఆత్రం తగ్గింది. ఎక్కువ అమ్మకం తక్కువ ధర వద్ద జరిగింది. 420 అశ్వశక్తి గల నిస్మో రకాన్ని 2024 మోడల్‌గా 64,990 డాలర్లకు కంపెనీయే తెచ్చింది. మామూలు జెడ్‌కు నిరుడు 70 వేలు ఇచ్చినవాడికి ఇది మింగుడుపడని వార్తే. అతనిచ్చిన సొమ్ముకు అంతకంటె పై రకం బండే వచ్చి ఉండేది.

వడ్డీ తిన్న లాభం

సరకు రాకలు ఒక్కటే ఈ ధరను దించలేదు. ఈ భాగం మీద సాధారణంగా ఎవరూ దృష్టి పెట్టరు గాని, డబ్బు తిప్పే వర్తకులకు ఇదే ముఖ్యం. అమెరికాలో డీలరు తన షోరూములోని బండ్లను చాలావరకు సొంత డబ్బుతో కొనడు. ‘ఫ్లోర్ ప్లాన్’ అనే అప్పు మీద తెచ్చి నిలబెడతాడు. బండి అమ్ముడుపోయేదాకా దానికి రోజువారీ వడ్డీ పడుతూనే ఉంటుంది. మన కమీషను దుకాణాలు బ్యాంకు దగ్గర సరకు తాకట్టు మీద తీసుకొనే అప్పు వంటిదే. ఈ అప్పుల వడ్డీ బజారు వడ్డీతో పాటు హెచ్చుతగ్గులవుతుంది.

2022 మార్చి మధ్య వరకు అమెరికా బ్యాంకుల ప్రైమ్ రేటు 3.25 శాతం. అక్కడి రిజర్వు బ్యాంకు ధరల పెరుగుదలను అరికట్టడానికి వరుసగా రేట్లు పెంచుతూ పోవడంతో 2023 జులై నాటికి అది 8.50 శాతానికి చేరింది. డీలరుకు పడే రేటు సరిగ్గా ఇదే కాకపోయినా దీని వెంటనే నడుస్తుంది. 50 వేల డాలర్ల బండి ఒకటి షోరూములో నిలబడి ఉంటే మొదటి రేటు మీద నెలకు 135 డాలర్ల వడ్డీ. రెండో రేటు మీద 354 డాలర్లు. బండి అమ్మిన తర్వాత కంపెనీ డీలరుకు తిరిగి ఇచ్చే ‘హోల్డ్‌బ్యాక్’ అనే సొమ్ము సామాన్యంగా ధరలో ఒకటినుంచి మూడు శాతం దాకా ఉంటుంది. రెండు శాతం అనుకుంటే వెయ్యి డాలర్లు. 2022 ఆరంభంలో ఆ వెయ్యి ఏడు నెలల వడ్డీకి సరిపోయేది. 2023 చివరలో మూడు నెలలకు చాలదు.

ఈ లెక్క తెలిస్తే పక్క చీటీ ఎందుకు చిన్నదవుతూ వచ్చిందో తెలుస్తుంది. వడ్డీ చవకగా ఉన్నప్పుడు ఇరవై వేలు ఇచ్చే ఆసామీ కోసం ఆరు నెలలు కూర్చున్నా డీలరుకు పోయేది ఎనిమిది వందలు. కూర్చోవడమే వ్యాపారం. వడ్డీ పెరిగి, పక్క ఊరి డీలరు దగ్గర కూడా రెండు బండ్లు నిలబడి ఉన్నప్పుడు కూర్చోవడం నష్టం. అటు కొనుగోలుదారుకూ వాయిదా వడ్డీ పెరిగింది గనుక అతనూ వెనక్కి తగ్గాడు. పైసొమ్ము పదివేల నుంచి ఐదుకు, ఐదు నుంచి సున్నాకు వచ్చి, అక్కడ ఆగకుండా రాయితీగా మారింది. పట్టుదలతో పాత ధరనే పట్టుకు కూర్చున్నవారికి బండి మోడల్ సంవత్సరం కూడా మారిపోయింది. 2023 మోడల్ బండి 2024లో ప్రకటిత ధరకు అమ్మడం ఎంత కష్టమో, నిరుటి పసుపును కొత్త పంట వచ్చాక అమ్మినవారికి తెలుసు.

ఈ లాభం మొత్తం ఎవరికి దక్కిందంటే, తొలి ఓడలో బండి వచ్చినప్పుడే అమ్మేసిన డీలరుకు. త్వరగా అమ్మినందువల్ల తర్వాతి కేటాయింపులోనూ అతనికి మేలు జరిగి ఉంటుంది. మరింత తేజీ వస్తుందని ఆపిన డీలరుకు, అతని దగ్గర సట్టా కోసం కొన్న ఆసామీకి మిగిలింది వడ్డీ బిల్లు.

పరిమితి నిజమైన చోట

అన్ని స్పోర్ట్సు కార్లకూ ఇలాగే జరగలేదు. షెవర్లే కంపెనీ 2023 మోడల్‌గా తెచ్చిన కొర్వెట్ జెడ్06 ప్రకటిత ధర రవాణాతో 1,06,395 డాలర్లు. కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న ఒకే కర్మాగారం నుంచి అన్ని రకాల కొర్వెట్లూ రావాలి గనుక దీని బిగువు జెడ్ కంటె ఎక్కువకాలం నిలిచింది. ఇక్కడ జనరల్ మోటార్స్ డీలరును వదిలి తిరుగు అమ్మకందారు మీద పడింది. కొన్న 12 నెలల లోపు బండి తిరిగి అమ్మితే కొన్ని వారంటీలు కొత్త యజమానికి చెల్లవని 2022లో ప్రకటించింది. ఏడాది ఉంచుకున్న జెడ్06 యజమానికి 5 లక్షల బహుమతి పాయింట్లు, అంటే 5 వేల డాలర్ల విలువ ఇస్తామన్నది. డీలరు వసూలు చేసే ఆన్‌ను ఇది నేరుగా తాకదు. ఆ ఆన్ ఇచ్చి కొనే సట్టాదారును మాత్రం భయపెడుతుంది. ఎత్తు తెలివైనదే.

కంపెనీ చేసిన మరో పని గురించి ప్రకటనలేవీ ఉండవు. తన సొంత ధరను మెల్లగా పెంచుకోవడమే అది. 2020లో 59,995 డాలర్లున్న మామూలు కొర్వెట్ అయిదేళ్ళలో 70 వేల దరిదాపులకు చేరింది. డీలరు జేబులోకి పోతున్న దానిలో కొంత ఇలా కర్మాగారం ఖాతాకు మళ్ళింది. కొనేవాడి దృష్టిలో రెంటికీ పెద్ద తేడా లేదు. డీలరు అంటించిన చీటీ చింపవచ్చు గాని మన్రోనీ చీటీలో పెరిగిన అంకె దిగదు.

పోర్షే మరీ గట్టిగా వ్యవహరించింది. 2023లో ప్రకటించిన 911 ఎస్/టి రకాన్ని 1,963 బండ్లకే పరిమితం చేసి, అమెరికాలో మొదటి సంవత్సరం బండిని లీజు మీదనే ఇచ్చింది. ఏడాది దాకా బండి ఆసామీ పేరున ఉండదు గనుక అమ్మడానికి వీలులేదు. ఇలాంటి సరకుకు రాకలు ఎన్నటికీ పెరగవు. కనుక దీనిమీద ఆన్ నిలబడడం వేరు, తొచిగి ఓడ ఆలస్యమైనందుకు నిలబడిన ఆన్ వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి వేలం పాడినవారే 2022లో దెబ్బతిన్నారు.

మన దేశంలో పాతతరం వర్తకులు ఇదంతా వేరే రూపంలో చూసినదే. స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజుల్లో కేటాయింపు కాగితానికే ధర పలికేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తొలి దినాల్లోనూ అంతే. కర్మాగారాలు పెరిగి పోటీ వచ్చాక ఆ ఆన్ ఎటు పోయిందో ఎవరూ వెతకలేదు. ఆ తర్వాత గాలి పూర్తిగా తిరిగి, డీలర్లు ఇచ్చే రాయితీలను కట్టడి చేసిందనే కారణంగా మారుతి సుజుకీకి కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో 200 కోట్ల రూపాయల జరిమానా విధించడం గమనార్హం.

అమెరికాలో ప్రభుత్వం జోక్యం చేసుకోబోయింది గాని నిలవలేదు. డీలర్లు మొదటే పూర్తి ధర చెప్పాలని, ఉపయోగం లేని అదనపు సామగ్రికి సొమ్ము వసూలు చేయరాదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నిబంధన ప్రకటించింది. డీలర్ల సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2025 జనవరిలో అయిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. ఆ నిబంధన అమలులోకి వచ్చి ఉన్నా ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’ పంక్తి మీద నిషేధం ఉండేది కాదు. ఆ అంకెను ముందుగా చెప్పి తీరాలన్నంతవరకే దాని పరిధి.